జాబితాకెక్కని తొలగింపులు

పత్రికా కార్యాలయాల్లో ఉద్యోగాల కోత ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచడం లేదు. కోవిడ్ కాలంలో పేజీలు తగ్గాయి, జిల్లా అనుబంధాలు ప్రధాన సంచికల్లో కలిసిపోయాయి, డెస్కులు కుదించుకుపోయాయి. ఆ తరువాత న్యూస్‌ప్రింట్ భారమైంది. ప్రకటనలు ఫోన్ తెర మీదికి తరలిపోయాయి, పాఠకుడూ వాటి వెంటే నడిచాడు. యాజమాన్యాలు చెప్పే ఈ కారణాలన్నీ నిజమే. అయితే పోతున్నవి ఎవరి ఉద్యోగాలన్న ప్రశ్న ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. నియామకంలో కులం పనిచేసిన చోట తొలగింపులో మాత్రం పనిచేయకుండా ఎలా ఉంటుంది?

నియామకాల చరిత్ర అందరికీ తెలిసిందే. 1996లో సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక దళిత పాత్రికేయుడి కోసం వెతికి, దొరకలేదని ‘పయనీర్’ పత్రికలో రాశారు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీ కేంద్రంగా ఉన్న 37 మీడియా సంస్థల్లో నిర్ణయాధికారం గల 315 మందిని లెక్కించారు. వారిలో ఒక్క దళితుడు గాని, ఒక్క ఆదివాసీ గాని లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ సంస్థల అధ్యయనం పరిశీలించిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల వాటా అప్పటికీ సున్నాయే.

తెలుగు పత్రికల నడక కొంత భిన్నం. 1974లో విశాఖపట్నంలో ‘ఈనాడు’ ప్రారంభమైన తరువాతి దశాబ్దాల్లో జిల్లా సంచికల పద్ధతి స్థిరపడింది. మండల మండలానికీ విలేకరి అవసరమయ్యాడు. ఆ అవసరమే పత్రికల తలుపును కాస్త తెరిచింది. చదువుకున్న దళిత, బహుజన యువకులు పెద్ద సంఖ్యలో వార్తలు రాయడం మొదలుపెట్టారు. కానీ వారికి దక్కింది గుమ్మం వరకే ప్రవేశం. ఏ వార్త మొదటి పేజీకి ఎక్కాలో, ఏది లోపలి పేజీలో నాలుగు వాక్యాలకు కుదించుకుపోవాలో నిర్ణయించే కుర్చీలు ఎప్పటివారి చేతుల్లోనే ఉండిపోయాయి.

మండల కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. అచ్చయిన వార్త నిడివిని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, ప్రకటనల మీద కమీషన్, ఇవే అతని ఆదాయం. పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవలసిన బాధ్యత కూడా అతనిదే. ఊళ్లో ప్రకటన ఇవ్వగలిగేది భూస్వామి, కాంట్రాక్టరు, పార్టీ నాయకుడు. దళిత విలేకరి ఎవరి దౌర్జన్యం గురించి రాయాలో వారి గుమ్మం ముందే ప్రకటన కోసం నిలబడాలి. ఆ పరిస్థితిలోనూ వార్త రాసినవారు ఉన్నారంటే అది పత్రికల గొప్పతనం కాదు, వారి తెగువ.

ఇక చట్టం సంగతి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం ఉద్యోగం నుంచి తొలగించాలంటే సంపాదకుడికి ఆరు నెలలు, ఇతర పాత్రికేయులకు మూడు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ చట్టం కింద ఏర్పడిన మజీఠియా వేతన సంఘం సిఫారసులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాంట్రాక్టు ఉద్యోగులకూ అవి వర్తిస్తాయని 2017లో స్పష్టం చేసింది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి కార్మిక స్మృతుల్లో కలిసిపోయింది. ఏ చట్టమైనా రక్షించేది ఉద్యోగిగా గుర్తింపు పొందినవారినే. విలేకరులైన నా పూర్వ విద్యార్థుల్లో కొందరు, పత్రికా రచన తమ ప్రధాన వృత్తి కాదని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టామని నాతో చెప్పారు. అలాంటివారికి నోటీసు రాదు, పరిహారం రాదు. రేపటి నుంచి వార్తలు పంపవద్దని ఒక ఫోన్ వస్తుంది, అంతే. ఎంతమంది పాత్రికేయులు ఉపాధి కోల్పోయారన్న జాబితా ఎవరు తయారుచేసినా వారి పేరు అందులో ఉండదు.

గుర్తింపు ఉన్న ఉద్యోగుల స్థితీ ఏమంత భద్రం కాదు. చివర చేరినవారిని ముందు తొలగించాలన్నది 1947 పారిశ్రామిక వివాదాల చట్టం పెట్టిన నియమం. పైకి అది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ తరతరాలుగా మూసి ఉన్న గదిలోకి చివరగా అడుగుపెట్టినవారు ఎవరు? అమెరికా అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. అక్కడి పత్రికల్లో నల్లజాతీయులు ఐదు శాతం కూడా లేరని 1968లో కెర్నర్ కమిషన్ ఎత్తిచూపింది. జనాభాకు తగిన ప్రాతినిధ్యాన్ని 2000 నాటికి సాధిస్తామని 1978లో సంపాదకుల సంఘం లక్ష్యం పెట్టుకుంది. గడువు ముగిసినా లక్ష్యం నెరవేరలేదు. ఈలోగా పరిశ్రమే కూలడం మొదలైంది. 2008లో సుమారు 71,000గా ఉన్న పత్రికా పాత్రికేయ ఉద్యోగాలు 2020 నాటికి 31,000కు పడిపోయాయి. మన దగ్గర ఆ లక్ష్యం పెట్టుకోవడం కూడా జరగలేదు.

ఉద్యోగం పోయిన తరువాతి జీవితానికీ కులం ఉంది. ఒకరికి బంధువుల కార్పొరేట్ సంస్థలో ప్రచార విభాగం, ఊళ్లో పొలం, నగరంలో ఇల్లు అండగా ఉంటాయి. ఇంటికి తొలి పట్టభద్రుడైన మరొకరికి ఆ ఉద్యోగమే మొత్తం ఆస్తి.

ఇక్కడ నా విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు. ఈ పత్రికలు ఎన్నడూ మనవి కానప్పుడు అవి కూలిపోతే మనకేమిటి, చేతిలో యూట్యూబ్ ఉంది కదా అని. ప్రశ్నలోని ఆగ్రహం న్యాయమైనదే. 1920లో అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ స్థాపించినా, 1931లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ‘భాగ్యనగర్’ పత్రిక నడిపినా, ఇతరుల పత్రికల్లో చోటు దొరకదన్న ఎరుకతోనే. 2002లో చిత్రకూట్‌లో గ్రామీణ మహిళలతో మొదలైన ‘ఖబర్ లహరియా’ అచ్చు నుంచి డిజిటల్‌కు మారి నిలబడింది కూడా. అయితే ఒంటరి యూట్యూబ్ విలేకరికి జీతం లేదు, కేసు పడితే నిలబడే సంస్థ లేదు. పైగా ప్రభుత్వ ప్రకటనల రూపంలో ప్రజాధనం పెద్ద పత్రికలకు అందుతూనే ఉంది. మన పన్నుల్లో వాటా ఉన్నచోట మన హక్కును వదులుకోవడం స్వాభిమానం కాదు.

అందుకే నా ప్రతిపాదనలు మూడు. ప్రభుత్వ ప్రకటనలు పొందే ప్రతి పత్రికా తన సిబ్బంది సామాజిక వివరాలను, ఏటా తొలగించినవారి వివరాలను వ్యక్తుల పేర్లు లేకుండా వర్గాల వారీగా ప్రకటించాలి. రెండు ప్రభుత్వాల సమాచార శాఖలూ దీన్ని షరతుగా పెట్టవచ్చు. కంట్రిబ్యూటర్‌కు నియామక పత్రం, కనీస వేతనం, తొలగింపునకు ముందు నోటీసు దక్కాలి. పాత్రికేయ సంఘాలు అక్రిడిటేషన్ కార్డులు, ఇళ్ల స్థలాల కోసం చూపే పట్టుదలను ఈ విషయంలోనూ చూపాలి.

2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో దళితులను సాంఘికంగా బహిష్కరించారు. అటువంటి బహిష్కరణ రేపు మరో ఊళ్లో జరిగితే, రాజధానిలోని డెస్కుకు దానంతట అది తెలియదు. ఆ పేటలోకి వెళ్లగలిగిన, అక్కడివారు నమ్మి నోరు విప్పగలిగిన విలేకరి ఒకరు మండలంలో ఉండాలి. ఇప్పుడు ఖర్చు కింద కొట్టివేస్తున్నది ఆ విలేకరినే.