వెట్టి పోయింది.. భయం పోయిందా?

తుంగతుర్తి: ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అనే మాట ఒకనాడు ఈ ప్రాంత పల్లెల్లో నిత్యవ్యవహారం. ఆ మాట వినిపించడం మానేసి ఏడు దశాబ్దాలు దాటింది. గడీలు కూలాయి, కొన్ని శిథిలాలుగా మిగిలాయి. అయినా మనిషిని లొంగదీసుకునే ఒత్తిడి పూర్తిగా పోయిందా అంటే ఔనని చెప్పలేని పరిస్థితి. రూపం మారింది, పేరు మారింది. నాటి వెట్టి ఎలా నిలిచింది, ఎలా కూలింది అన్నది తెలుసుకుంటే నేటి ఒత్తిళ్లను గుర్తించడం సులువవుతుంది.

కులానికో చాకిరీ

నిజాం పాలనలో సూర్యాపేట, జనగామ తాలూకాలు పెద్ద భూస్వాములకు పెట్టింది పేరు. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు, జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని సాయుధ పోరాట చరిత్రకారులు నమోదు చేశారు. ఇంత భూమిని నిలబెట్టింది కేవలం కౌలు పత్రాలు కావు. ఊరిలోని ప్రతి కులానికీ ఒక చాకిరీ అంటగట్టారు. చాకలి బట్టలుతకాలి, మంగలి కాళ్లు పిసకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్లవారు గొర్రెలివ్వాలి, గీత కార్మికులు దొర కోసం తాళ్లు విడిచిపెట్టాలి. దళితులు కబుర్లు, కాగితాలు మోసుకుంటూ ఊరూరా తిరగాలి. కూలి అన్న ప్రశ్నే లేదు.

ఇక్కడ గమనించదగ్గ అంశం ఒకటుంది. పని మనిషి చేసేది కాకుండా, మనిషే పనిగా మారిపోయాడు. పేరుకు ముందు కులం, పేరు చివర ‘గాడు’ చేరి అదే గుర్తింపు అయింది. తాత తెచ్చిన నాగుకు మనుమడు జీతం ఉండటం ధర్మంగా చెలామణి అయింది. కొరడా రోజూ లేవనక్కరలేదు. ఒకరిపై లేస్తే ఊరంతా వంగేది. భయానికి ఉన్న బలం అదే.

చట్టం ఉన్నా చలనం లేదు

వెట్టిపై ఆనాడు ఆంక్షలు లేకపోలేదు. భగేలా పేరిట సాగే అప్పు జీతాలను అదుపు చేసేందుకు 1936లోనే నిజాం ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయితే దానిని అమలు చేయవలసింది ఎవరు? ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీలే సర్కారు. భూమి లెక్క వారి చేతిలో, ఫిర్యాదు వారి చేతిలో. దొరపై ఫిర్యాదు దొర మనిషికే ఇవ్వాలంటే సాహసించేదెవరు? వంశపారంపర్యమైన ఈ పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా కొనసాగింది. దాని కిందే నలిగిన సేత్‌సింధీలు, నీరడీలు వంటి గ్రామ సేవకుల వారసులు కాలక్రమంలో వీఆర్‌ఏలు అయ్యారు. తెలంగాణలో 20,555 మంది వీఆర్‌ఏలను క్రమబద్ధీకరించి వివిధ శాఖల్లో సర్దుబాటు చేసింది 2023లోనే. వెట్టి నీడ ఎంత పొడవో దీనిని బట్టే అర్థమవుతుంది.

భయం వీడిన తీరు

మరి ఆ భయం ఎలా వీడింది? 1944 భువనగిరి మహాసభ తర్వాత ఆంధ్ర మహాసభ పల్లెలకు చేరి ‘సంగం’ అయింది. ఒక్కడుగా ‘చేయను’ అంటే దెబ్బలు తప్పవు, ఊరంతా కలిసి ‘చేయం’ అంటే దొర ఎందరిని కొట్టగలడు? సంగం నేర్పిన లెక్క ఇదే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత ఆ మాట పోరాటమైంది.

తుంగతుర్తి మండలం కర్విరాల కొత్తగూడెం ఆ పోరాటానికి భీంరెడ్డి నర్సింహారెడ్డిని, ఆయన సోదరి మల్లు స్వరాజ్యంను ఇచ్చింది. భూస్వామ్య కుటుంబంలో పుట్టి వెట్టికి ఎదురు నిలిచినవారు వారు. స్వరాజ్యం తలకు నాటి ప్రభుత్వం రూ.10 వేల వెల కట్టింది. ఆమెనే తుంగతుర్తి ప్రజలు 1978, 1983 ఎన్నికల్లో శాసనసభకు పంపారు. 2022 మార్చి 19న ఆమె కన్నుమూశారు. ఒకనాడు దళితుడు చెప్పులు చేతపట్టి నడవాల్సిన ఈ నేలలో 2009 ఎన్నికల నుంచి శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు కావడం చిన్న మార్పు కాదు.

నేటి ముడి: అడ్వాన్సు

అలాగని గతం పూర్తిగా గతించలేదు. ఆనాటి నాగు స్థానంలో నేడు అడ్వాన్సు వచ్చింది. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు ఊళ్లోనే మేస్త్రీ వద్ద సొమ్ము తీసుకుని బయలుదేరతాయి. ఆ బాకీ తీరేదాకా బట్టీ దాటలేరు. లెక్క రాసేది యజమాని, భాష రానిది కూలీకి. సూర్యాపేట, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బరువులెత్తే బిహార్ హమాలీలదీ పరాయి నేలే. ప్రతి యజమానీ దోచుకుంటాడని కాదు. దోచుకోదలిస్తే అడ్డుచెప్పే బలం కూలీకి లేదన్నదే సమస్య.

ఇక కులం పేరిట సాగే భయానికి మిర్యాలగూడ ఘటనే సాక్ష్యం. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆస్పత్రి బయట దళిత యువకుడు కిరాయి హంతకుని చేతిలో బలయ్యాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఇలాంటి హత్య లక్ష్యం ఒక్కరిని చంపడం మాత్రమే కాదు, కులం దాటాలనుకునే వేలమందిని ఆపడం. నాటి కొరడా చేసిన పనీ ఇదే.

కావలసింది అమలే

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడమూ నిర్బంధ చాకిరీయేనని, ఆకలి వల్ల ఒప్పుకున్నా అది బలవంతమేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో తేల్చిచెప్పింది. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం దోషికి మూడేళ్ల వరకు జైలు. తనది వెట్టి బాకీ అని కూలీ చెబితే, కాదని నిరూపించాల్సిన భారం అప్పిచ్చిన వాడిదే. విముక్తి పొందినవారికి కేంద్ర పథకం కింద తక్షణ సాయంగా రూ.30 వేల వరకు, ఆపై పునరావాసానికి కేసును బట్టి రూ.లక్ష నుంచి రూ.3 లక్షల వరకు అందుతుంది.

ఇవన్నీ కూలీకి తెలిస్తేనే ఫలితం. చట్టం ప్రకారం జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలు ఉండాలి, వాటిలో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ముగ్గురు ఉండాలి. అవి క్రమం తప్పక సమావేశమై బట్టీలకు, మిల్లులకు స్వయంగా వెళ్లాలి. వలస కూలీతో అతని భాషలో, యజమాని లేని చోట మాట్లాడాలి. ఫిర్యాదు వస్తే చూద్దామని కార్యాలయంలో కూర్చుంటే 1936 నిబంధనకు పట్టిన గతే దీనికీ పడుతుంది. భయపడిన మనిషి ఫిర్యాదు చేయడు. అధికారులే అతని వద్దకు కదలాలి.