కాపలాకు కాగితాలు

మా ఆత్మకూరులో నాకొక పేరు ఉన్నది. కవి అనీ కాదు, పండితుడనీ కాదు; దరఖాస్తులు బాగా రాస్తానని. పింఛను ఆగిపోయినవారు, పాసుపుస్తకంలో పేరు తప్పుపడినవారు, కరెంటు బిల్లు రెట్టింపు వచ్చినవారు పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని ఉంటారు. కాఫీ ఖర్చు నాది, కాగితం ఖర్చు వారిది. ఈ ఒప్పందం చాలా ఏళ్ళుగా చెడకుండా నడుస్తున్నది.

కొన్నేళ్ళ క్రితం ఒకరోజు సుబేదారు మామ వచ్చాడు. సైన్యంలో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. నాకు వరసకు మామ కాడు, ఊరందరికీ మామే. చంకలో ఒక పెద్ద ఫైలు.

“అల్లుడా, సెక్యూరిటీ కంపెనీ పెడతాండా. మన పిల్లోళ్ళు పనుల్లేక బెంగుళూరు పోతాండారు. వీళ్ళకు నంద్యాలలోనే పని చూపిస్తే మేలు గదా?” అన్నాడు.

“మేలే మామా. కాపలా కాయడానికి కంపెనీ ఎందుకు? కర్ర చాలదా?” అన్నాను.

“కర్ర కంటే కాగితాలే ఎక్కువ కావాలప్పా!” అని ఫైలు నా ఒళ్ళో పడేశాడు.

ఆ రాత్రి చట్టం చదివాను. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం, 2005. లైసెన్సు లేకుండా ఎవరూ ఈ వ్యాపారం చేయరాదు. చేస్తే ఏడాది దాకా జైలు, లేక 25,000 రూపాయల దాకా జరిమానా, లేక రెండూ. ఒక జిల్లాకైతే రుసుము 5,000, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000. మామ నంద్యాల, కర్నూలు రెండూ కావాలన్నాడు. 2022 ఏప్రిల్ దాకా రెండూ ఒకే జిల్లా. జిల్లా విడిపోయినందుకు మామకు రుసుము రెట్టింపయింది. ఎక్కడి గీత ఎవరి జేబులో పడుతుందో చూడండి!

దరఖాస్తు గృహశాఖలోని నియంత్రణాధికారికి చేరుతుంది. పోలీసువారు మనిషి గుణగణాలు విచారించి అభ్యంతరం లేదని చెప్పాలి. మోసం కేసులో శిక్షపడినవాడు, దివాలా తీసినవాడు, దుష్ప్రవర్తనకు ప్రభుత్వోద్యోగం పోగొట్టుకున్నవాడు పనికిరారు. అన్నీ సరిగా ఉంటే అరవై రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. వచ్చిన లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది.

యజమాని సంగతి ఇది. ఇక కాపలాదారు పద్ధెనిమిది నిండి, అరవై ఐదు దాటకుండా ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాల ప్రకారం తరగతిలో 100 గంటలు, మైదానంలో 60 గంటలు శిక్షణ పొందవలసి ఉండేది. మాజీ సైనికులకు 40 గంటలు, 16 గంటలు సరిపోయేవి. ఒక కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తవలసి ఉండేది. ఇది చదివి, నేను బస్టాండు దాకా నడిచిపోయి ఎంతసేపు రొప్పానో తలచుకుని, దరఖాస్తులు రాసుకోవడమే నా జన్మకు తగిన పని అనుకున్నాను.

మామకు లైసెన్సు వచ్చింది. స్వీట్లు పంచాడు. కథ సుఖాంతమైందని నేననుకున్నాను. కాని అది ఊరి పొలిమేర మాత్రమేనట. ఊరు ఇంకా రాలేదు.

లైసెన్సు అంటే పని చేసుకోవచ్చునని అనుమతి. ప్రభుత్వ సంస్థలు పని ఇవ్వాలంటే వారి అంగీకృత కాంట్రాక్టర్ల పట్టీలో పేరెక్కాలి, లేదా టెండరులో నెగ్గాలి. ఇప్పుడు కేంద్ర సంస్థల కొనుగోళ్ళు చాలావరకు 2016లో వచ్చిన ప్రభుత్వ ఈ-మార్కెట్ ద్వారా జరుగుతున్నాయి. మాజీ సైనికులు నడిపే సంస్థలకు ఢిల్లీలోని పునరావాస డైరెక్టరేటు జనరల్ వారి పట్టీ వేరే ఉన్నది. దాని షరతులు వేరు. ఎక్కడికి పోయినా సామాన్యంగా అడిగేవి ఇవి: లైసెన్సు, పాన్, జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, ధరావతు సొమ్ము, మూడేళ్ళ లెక్కలు, అనుభవ పత్రం.

ఈ చివరిదాని దగ్గర మామ బండి దిగబడింది. పని ఇస్తేగాని అనుభవం రాదు. అనుభవం ఉంటేగాని పని ఇవ్వరు. ఒక పెద్దమనిషి రాత్రివేళ వచ్చి, కొంత సొమ్ము ముట్టజెబితే మూడేళ్ళ అనుభవ పత్రం తెప్పిస్తానన్నాడు. “అయ్యా, నేను మంచుకొండల మీద కాపలా కాసినా. ఆ అనుభవం పనికిరాదంటిరి. చేయని కాపలాకు పత్రమైతే పనికొస్తాదా?” అని మామ ఆయన్ను సాగనంపాడు. తరువాత కల్యాణమండపాలు, బియ్యం మిల్లులు, బడులు పట్టుకుని మూడేళ్ళు చిల్లర పనులు చేశాడు. ప్రతి నెలా రసీదులు దాచాడు. అప్పటికి ఆ పత్రం నిజంగా చేతికొచ్చింది.

కాపలాకు సర్కారు ముద్ర అనేది మా సీమకు కొత్త కాదు. పాళెగాళ్ళ కాలంలో కావలి హక్కు ఉండేది. ఊరివారు కావలి రుసుము ఇచ్చేవారు. దొంగతనం జరిగితే కావలిదారు దొంగను పట్టివ్వాలి, లేదా పోయిన సొమ్ము పూడ్చాలి. 1800లో ఈ జిల్లాలు నిజాము చేతినుంచి కుంపిణీకి వచ్చాయి. కట్టుబడులనే గ్రామరక్షకులు మాన్యాలు అనుభవిస్తూ కాపలా కాసేవారు. ఆ మాన్యాలను కుంపిణీ లాక్కోసాగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు కట్టుబడులు ఎందరో ఆయన వెంట నిలిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. కాపలావాడి కూడు కోస్తే ఏమవుతుందో చెప్పడానికి మాకు వేరే పురాణం అక్కరలేదు.

ఇక మామ టెండరు. నంద్యాలలో ఒక గోదాముల సంస్థ ఇరవైమంది కాపలాదారులు కావాలని ప్రకటించింది. సంస్థ పేరు చెప్పను. మామ, నేను మా అరుగు మీదనే లెక్క వేశాము. సులువుగా ఉంటుందని జీతం పదివేలు అనుకుందాం. యజమాని కట్టవలసిన పీఎఫ్ చార్జీలతో కలిపి నూటికి 13, అంటే 1,300. ఈఎస్ఐ నూటికి 3.25, అంటే 325. అక్కడికే 11,625 అయింది. ఇంకా బోనసు, దుస్తులు, వారపు సెలవునాడు బదులు మనిషి, మామకు నాలుగు డబ్బులు. కాపలాదారు వాటా పీఎఫ్ 12, ఈఎస్ఐ ముప్పావు శాతం కోస్తే అతని చేతికి వచ్చేది 8,725.

“మామా, ఎంత వేస్తావు?” అన్నాను.

“నిజం వేస్తా,” అన్నాడు.

కవర్లు విప్పారు. నెగ్గినవారి సేవారుసుము దాదాపు సున్నా. సేవారుసుము లేదని రాస్తే ఆ టెండరు చెల్లదని కేంద్ర ఆర్థికశాఖ 2014లోనే చెప్పింది. అందుకని సున్నా రాయరు. సున్నా పక్కన చుక్కపెట్టి ఒకటి రాస్తారు. సున్నాకు వ్యాపారం చేసే ధర్మాత్ములు ఈ దేశంలో ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. వారు గాలి తిని బతకరు గదా! ఎక్కడో ఒకచోట తింటారు. తినేది ఎక్కడో నాకు ఆరునెలల తరువాత తెలిసింది.

ఆ రోజు అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అరవై రెండేళ్ళు. ఆ గోదాములకే కాపలా. రోజుకు పన్నెండు గంటలు నిలబడతాడు. నాలుగు నెలలుగా జీతం లేదు. పీఎఫ్ కోసినట్టు చీటీ ఉంది. కట్టినట్టు జాడ లేదు. కాంట్రాక్టరును అడిగితే, “గోదామువాళ్ళు బిల్లు ఇవ్వలే” అన్నాడట. గోదామువారిని అడిగితే, “నీకు మేమెవరం? కాంట్రాక్టరును అడుగుపో” అన్నారట. కూతురి కాన్పుకు వడ్డీకి తెచ్చాడు. “సామీ, వేలకొద్ది నంద్యాల సోనా బస్తాలకు కావిలుండా. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి,” అన్నాడు.

నా కలం కదలలేదు. ఎవరి పేర రాయాలో తెలియక కాదు. ఆ మాట విన్నాక.

సుబేదారు మామను పిలిపించాను. తన పని కొట్టుకుపోయిన కాంట్రాక్టరు బండారం బయటపడిందని సంతోషిస్తాడేమో అనుకున్నాను. ముసలాయన చీటీలన్నీ వరుసగా పేర్చి, “అల్లుడా, గోదామువాళ్ళకు రాయి. కాంట్రాక్టరు జీతమియ్యకపోతే పని చేయించుకున్న అసలు యజమానే ఇయ్యాల. చట్టం అట్లే ఉంది,” అన్నాడు. చూస్తే నిజమే. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోనూ ఆ మాట ఉన్నది. 2025 నవంబరులో దాని స్థానంలో అమలులోకి వచ్చిన కోడులోనూ ఉన్నది. పైగా కార్మిక చట్టాలు ఉల్లంఘిస్తే 2005 చట్టం కింద సంస్థ లైసెన్సుకే ఎసరు వస్తుంది.

మూడు ప్రతులు రాశాను: గోదామువారికి ఒకటి, కార్మికశాఖకు ఒకటి, లైసెన్సు ఇచ్చిన అధికారికి ఒకటి. వెలుగోడు మీదుగా నంద్యాల బస్సెక్కి ముగ్గురమూ పోయి ఇచ్చివచ్చాము. ఇరవై రోజులకు రెండు నెలల జీతం వచ్చింది. తక్కిన రెండు నెలలకు, పీఎఫ్‌కు ఇంకా రాస్తూనే ఉన్నాను.

పాఠకులలో అపార్టుమెంటు కార్యదర్శులు, మిల్లు యజమానులు, బడి పెద్దలు ఉండవచ్చును. కాపలా సంస్థను పెట్టుకునేముందు తక్కువ ధర ఎవరిదని అడగండి, తప్పులేదు. కాని లైసెన్సు చూపమనండి. కాపలాదారుని ఫోటో గుర్తింపు కార్డు చూడండి. పోయిన నెల పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన రసీదు చూడండి. ఆ తరువాత గేటు దగ్గర నిలబడినవాణ్ణి, జీతం అందిందా అని ఒక్కమాట అడగండి. ఆ మాటకు రుసుము లేదు, టెండరు లేదు.

సుబేదారు మామ నిన్న మళ్ళీ వచ్చాడు. ఇంకొక టెండరు పడిందట. లెక్క వేయమన్నాడు.

“ఈసారి ఎంత మామా?” అన్నాను.

“అదే నిజం అల్లుడా. జీతాలు పెరిగినాయి గదా, నిజం గూడా కొంచెం పెరిగింది,” అన్నాడు.