వీలునామాలో చుట్టాలు

శుభలేఖలో పేరు వేయని బంధువుకు కూడా వీలునామాలో ఒక్కోసారి చోటు దొరుకుతుంది. ఆస్తి పంచేటప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో విడమరిచి రాయక తప్పదు మరి! ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల పాత ప్రొబేట్ కాగితాలు (కోర్టు ధ్రువీకరించిన వీలునామాలు) లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1780ల నాటి వీలునామాల్లో దాదాపు మూడింట ఒకదానిలో భారతీయ సహచరి ప్రస్తావనో, ఆమె బిడ్డల ప్రస్తావనో ఉందని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ తేల్చారు.

మన హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ కట్టించిన బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. తన ఇద్దరు పిల్లల తల్లి ఖైరున్నీసా బేగం అని వీలునామాలో పేరు పెట్టి మరీ రాశాడు. ఆమెకు జాగీర్లు, నగలు ఉన్నాయి కనుక విడిగా ఏర్పాటు అక్కర్లేదంటూనే, ప్రేమకు గుర్తుగా పదివేల హైదరాబాదు రూపాయలు ఇమ్మన్నాడు. కోర్టు కాగితాల్లో ఇంత మమకారం అరుదు. ఆయన పోయేనాటికే పిల్లలు ఇంగ్లండు ఓడ ఎక్కేశారు. తల్లిని మళ్లీ చూడలేదు. వారిలో కూతురు సాహెబ్ బేగం అక్కడ కేథరిన్ అయిపోయింది. అలాంటి రెండు పేర్లను కలిపే దారి ఒక్కోసారి ఇలాంటి కాగితాల్లో దొరకొచ్చు.

వీలునామాలో పేరు లేనంత మాత్రాన చుట్టరికం లేదనుకోకండి. ముందే వాటా పుచ్చుకున్న కొడుకు పేరు అందులో ఉండకపోవచ్చు.

మీ తాతముత్తాతల కాగితాలు ఇంట్లో దొరక్కపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. రిజిస్టరైన వీలునామా నకలును, రాసినవారు కాలం చేశాక, ఎవరైనా దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ అందుకు వీలు కల్పిస్తోంది.