షేర్లవాళ్ళకు వంద రోజులు, కూలోళ్ళకు పదేళ్ళు

కోదాడ దగ్గర ఒక ఊళ్ళో కూలిరేట్ల మీద మీటింగు పెట్టుకున్నాం. అది అయిపోయి జనం లేస్తున్నారు. అరవై ఏళ్ళ అమ్మ ఒకామె కొంగులో చుట్టి తెచ్చిన కాగితం మా ముందు పెట్టింది. పచ్చటి చేను బొమ్మ అచ్చేసిన బాండు అది. మడతల దగ్గర చిరిగింది, ఒక మూల చెదలు కొట్టింది. నాట్లకూ కలుపుకూ పోయి నెలకు వంద చొప్పున ఐదేళ్ళు కట్టింది. మొత్తం ఆరు వేలు. గడువు ఇంకా ఏడాది ఉందనగా కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. "ఇది ఇంకా పనికొస్తదా బిడ్డా, పొయ్యిల పెట్టమంటవా?" అని అడిగింది.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయటం లేదు. ఎందుకంటే అది ఒక్కటి కాదు. సూర్యాపేట మార్కెట్ యార్డు హమాలీల దగ్గర, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళ దగ్గర ఇట్లాంటి కాగితాలు మేము చాలా చూశాం. పేర్లు వేరు, పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతి ఎంత దూరం పోగలదో తెలియాలంటే అగ్రిగోల్డ్ సంగతి చూడాలి.

విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన సంస్థ అది. వంద దాటిన అనుబంధ కంపెనీల పేర్లతో నడిచింది. వేలాది మంది ఏజెంట్లను కమీషన్ మీద పెట్టి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా తదితర రాష్ట్రాల్లో వసూలు చేసింది. 19 లక్షల మంది దగ్గర, 32 లక్షల ఖాతాల్లో, సుమారు 6,380 కోట్ల రూపాయలు. 2014 ఆఖరుకు చెల్లింపులు ఆగిపోయాయి. 2015 మొదట్లో కేసు ఆంధ్రప్రదేశ్ సిఐడి చేతికి పోయింది. 2016 ఫిబ్రవరిలో చైర్మన్ అవ్వా వెంకట రామారావును అరెస్టు చేశారు. 2020 డిసెంబరులో ఇడి మళ్ళీ అరెస్టు చేసి, 4,109 కోట్ల ఆస్తులు జప్తు చేసింది.

ఇవన్నీ దొంగతనం బయటపడ్డాక జరిగిన పనులు. మనం అడగవలసింది అంతకుముందు సంగతి. కావలివాడు ఎక్కడున్నాడు?

కావలివాడు నిద్రపోలేదు. చూశాడు. పది మంది డబ్బు ఒకచోట పోగేసి, పెత్తనమంతా కంపెనీ చేతిలో ఉంచుకొని, లాభం పంచుతామని చెప్పే పథకాలకు అనుమతి తప్పనిసరి అని సెబీ 1999లోనే నియమాలు పెట్టింది. అగ్రిగోల్డ్ పథకాన్ని పరిశీలించి, ఆపండి, జనం డబ్బు వాపసు ఇయ్యండి అని ఆదేశించింది కూడా. ఇది మా మాట కాదు, ఇడి చెప్పిన మాట. ఆదేశం తర్వాత కంపెనీ ఏం చేసింది? పథకానికి చొక్కా మార్చింది. కొత్త కంపెనీల పేర్లతో, 'ప్లాటు కోసం అడ్వాన్సు' అని రశీదు రాసి, అవే ఊళ్ళలో మళ్ళీ వసూలు మొదలుపెట్టింది. గడువు తీరితే ప్లాటు, వద్దంటే వడ్డీతో సహా డబ్బు అన్నారు. పాతవాళ్ళకు ఇయ్యవలసింది కొత్తవాళ్ళ దగ్గర తెచ్చి ఇస్తున్నంత కాలం బండి నడిచింది. కొత్త డబ్బు తగ్గిన రోజు ఆగిపోయింది.

ప్లాటు అనే ఒక్క మాటతో ఆఫీసులన్నిటికీ సాకు దొరికింది. భూమి అమ్మకం గనుక షేర్ల మార్కెట్ చూసే సెబీకి దూరం. బ్యాంకు కాదు గనుక రిజర్వ్ బ్యాంకుకు దూరం. దస్తావేజు రాయలేదు గనుక రిజిస్ట్రేషన్ ఆఫీసుకు దూరం. ఫిర్యాదు రాలేదు గనుక పోలీసుకు దూరం. ఇంతమంది అధికారుల మధ్య కూలోళ్ళ డబ్బుకు దిక్కు లేకుండా పోయింది.

చట్టం లేదంటే నమ్మవద్దు. డిపాజిటర్ల రక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 1999లోనే చట్టం చేశారు. కంపెనీ డబ్బు ఎగ్గొట్టినప్పుడే కాదు, మోసగించే ఉద్దేశంతో నడుస్తున్నదని ప్రభుత్వం నమ్మినా ఆస్తులు జప్తు చేయవచ్చని అందులో ఉంది. అంటే సెబీ నియమాలూ 1999వే, రాష్ట్ర చట్టమూ 1999దే. కంపెనీ కూలింది 2014లో. ఈ పదిహేనేళ్ళూ రెండు చట్టాలూ బీరువాలోనే ఉన్నాయి, ఏజెంట్లు మాత్రం మన గడపల్లో ఉన్నారు.

ఇది మన ఒక్కచోటి సంగతే కాదు. దేశమంతటా భూమి పేరు చెప్పి వసూలు చేసిన పిఎసిఎల్ అనే కంపెనీకి సెబీ 1999లో నోటీసు ఇచ్చింది. కంపెనీ కోర్టుకు పోయింది. ఆ వ్యాపారాన్ని విచారించి తేల్చమని సుప్రీం కోర్టు సెబీకి చెప్పేసరికి 2013 వచ్చింది. 2014లో 49,100 కోట్లు వాపసు ఇయ్యాలని సెబీ ఆదేశించింది. వకీళ్ళు వాదించుకున్నన్ని ఏళ్ళూ వసూళ్ళు సాగినందువల్లనే అప్పు అంత పెరిగింది.

మరి ప్రభుత్వానికి చేతకాదా? చేతనవుతుంది. చేసి చూపించింది కూడా.

2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పు రాశామని తానే ఉత్తరం రాశాడు. ఏడు వేల కోట్లకు పైబడిన మోసం. లేని డబ్బు బ్యాంకులో ఉన్నట్టు కాగితాలు పుట్టించారు. పేరుమోసిన ఆడిటర్లు ఏళ్ళ తరబడి వాటి మీద సంతకాలు పెట్టారు. అక్కడా కావలి విఫలమైంది. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. రెండు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసేసింది. ఆ వారంలోనే కొత్తవాళ్ళను కూర్చోబెట్టింది. ఆ కొత్త బోర్డు ఏప్రిల్ 13కల్లా కంపెనీని కొనేందుకు టెక్ మహీంద్రాను ఎంపిక చేసింది. లెక్కపెడితే 96 రోజులు. యాభై వేల ఉద్యోగాలు నిలబడ్డాయి, మంచిదే. దాన్ని మేము తప్పు పట్టటం లేదు. అక్కడ మునిగింది విదేశీ ఫండ్ల డబ్బు, పెద్ద పెద్ద షేర్‌హోల్డర్ల డబ్బు. అందుకే ఢిల్లీ రాత్రింబవళ్ళు పనిచేసింది. 32 లక్షల ఖాతాలు మునిగినప్పుడు ఆ వేగం ఏమైంది అని మాత్రం అడుగుతున్నాం.

శిక్షల సంగతి కూడా చెప్పుకోవాలి. సత్యం కేసులో 2015 ఏప్రిల్‌లో ఏడేళ్ళ జైలు వేశారు. నెల దాటగానే శిక్ష నిలిపి బెయిలు ఇచ్చారు. బర్రె దొంగిలించిన కేసులో పేదవాడికి ఇంత తొందరగా బెయిలు దొరుకుతుందా? కోర్టుల చుట్టూ తిరిగిన మీకే తెలుసు.

కోదాడ దగ్గర ఇంకో చిత్రం ఉంది. రామాపురం క్రాస్ రోడ్డు దాటితే ఆంధ్ర. మన వాళ్ళు మిరపకాయ ఏరటానికి అటు పోతారు, వాళ్ళు నాట్లకు ఇటు వస్తారు. ఒకే ఏజెంటు రెండు వైపులా తిరిగినవాడే. ఆంధ్ర ప్రభుత్వం 2019లో పది వేల లోపు అగ్రిగోల్డ్ డిపాజిటర్లకు, 2021లో ఇరవై వేల లోపు వాళ్ళకు ఖజానా నుంచి ఇచ్చింది. రెండు విడతల్లో సుమారు 900 కోట్లు. ఇచ్చింది తన రాష్ట్రం వాళ్ళకే. ఇటువైపు వాళ్ళకు అది లేదు. కంపెనీ డబ్బు తీసుకున్నది ఉమ్మడి రాష్ట్రంలో, కూలింది రాష్ట్రం విడిపోయాక. మధ్యలో గీసిన గీత కూలోళ్ళ బాండు మీద నుంచే పోయింది.

2025లో 3,339 కోట్ల విలువ గల ఆస్తులు బాధితుల కోసం ఇడి వాపసు ఇచ్చింది. మంచి వార్తే. కానీ ఆస్తి అప్పగించటం వేరు, డబ్బు చేతికి రావటం వేరు. వేలం జరగాలి, కోర్టు ఒప్పుకోవాలి, జాబితా తేలాలి. ఆ 397 ఆస్తుల్లో 380 ఆంధ్రలోవి, 13 మాత్రమే తెలంగాణలోవి. ఆస్తి ఎక్కడుందని కాదు, బాండు ఎవరి దగ్గరుందని చూసి పంచాలి. ఈ మాట ఇప్పుడే గట్టిగా అనకపోతే రేపు అనటానికి చోటుండదు.

కొందరు పెద్దమనుషులు అంటారు, ఆశపడి కట్టారు, అనుభవిస్తున్నారు అని. బ్యాంకుకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. వంద రూపాయలు పట్టుకొని లైన్లో నిలబడితే గుమాస్తా మొహం చిట్లిస్తాడు. ఏజెంటు పొద్దుగూకినాక ఇంటికొచ్చి, వరస కలిపి పిలిచి, రశీదు ఇచ్చిపోతాడు. బిడ్డ పెండ్లికి నాలుగు పైసలు దాచుకోవటం అత్యాశా? ఆడిటర్ సంతకం నమ్మిన షేర్‌హోల్డర్‌ను ఎవరూ అత్యాశపరుడు అనలేదు. అదే మనల్ని మాత్రం అంటారు.

ఏజెంటు గురించి కూడా ఒక మాట. అతని ఇంటి మీద పడితే లాభం లేదు. చాలామంది మన పేటవాళ్ళే, వాళ్ళ డబ్బూ అందులోనే పోయింది. అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏజెంటు దగ్గరున్న పుస్తకం, రశీదు కట్టలు మన సాక్ష్యం. అతన్ని వెంట పెట్టుకొని పోవాలి.

అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అడ్డుకోవటానికి, జప్తు చేయటానికి, డిపాజిటర్ల బాకీకి ముందు వరస ఇయ్యటానికి అందులో వీలుంది. అది కూడా 1999 చట్టాల పక్కన బీరువాలో చేరకుండా చూడాలంటే మనం కదలాలి.

మా డిమాండ్లు ఇవి. తెలంగాణ ప్రభుత్వం ఇరవై వేల లోపు డిపాజిటర్లకు ముందుగా చెల్లించి, వేలం డబ్బులో రాబట్టుకోవాలి. వేలం సొమ్ములో చిన్న ఖాతాలకు మొదటి వంతు ఇయ్యాలి. డబ్బు వసూలు చేయటానికి ఏ సంస్థకు అనుమతి ఉందో తెలుగులో రాసి ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. ఆదేశం ఇచ్చాక కూడా వసూళ్ళు సాగనిచ్చిన అధికారుల బాధ్యత తేల్చాలి.

గ్రామ శాఖలు ఈ నెలలోనే పని మొదలుపెట్టాలి. ఇంటింటికి పోయి ఏ కంపెనీదైనా సరే బాండు వివరాలు రాయండి: పేరు, నెంబరు, కట్టిన మొత్తం, ఏజెంటు. జిరాక్సు తీసుకోండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇయ్యవద్దని చెప్పండి. సూర్యాపేట జిల్లా జాబితా సూర్యాపేట కలెక్టరుకు, మిర్యాలగూడ జాబితా నల్లగొండ కలెక్టరుకు ఇచ్చి, రశీదు తీసుకొని రావాలి.

కోదాడ దగ్గరి ఆ అమ్మకు మేము ఒకటే చెప్పాం. పొయ్యిల పెట్టకమ్మా, అది నీ బాకీ పత్రం. ఆమె దాన్ని మళ్ళీ కొంగున కట్టుకున్నది. మా నోటుపుస్తకంలో మొదటి పేరు ఆమెదే.