పేట లెక్కలు – 6: తల్లి ఖాతాలో 13 వేలు సరే, మున్సిపాలిటీ పద్దు సంగతేంటి?



పిల్లల్ని బడికి పంపే తల్లి చేతిలో డబ్బు పెట్టడం మంచి పని. ఎవరు పెట్టినా మంచి పనే. 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం అమ్మ ఒడి మొదలుపెట్టింది. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా ఒక్కరికే ఇచ్చింది. 2025 జూన్ 12న చంద్రబాబు ప్రభుత్వం తల్లికి వందనం పేరుతో చదివే ప్రతి బిడ్డకూ ఇచ్చింది. ఇది ముందడుగే. మధ్యలో 2023 జూన్ విడత తర్వాత 2025 జూన్ దాకా ఏ తల్లికీ ఒక్క రూపాయి పడలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం మారితే బిడ్డ ఫీజు ఆగదు కదండీ.

బిడ్డకు 15,000 అన్నారు. బడి నిర్వహణ, మరుగుదొడ్ల పేరుతో 2,000 పట్టుకుని తల్లికి 13,000 వేశారు. ఏడాదికి పంచితే రోజుకు 36 రూపాయలు కూడా రాదు. చిన్న మొత్తమే. కానీ నాట్లకీ కోతలకీ మధ్య పని లేని రోజుల్లో నిడదవోలు పేటల్లో ఆ డబ్బే పుస్తకాలు, బూట్లు, ఆటో కిరాయి. అందుకే ఆ జాబితాలోంచి పేరు ఎగిరిపోతే ఒక బిడ్డ చదువే ఎగిరిపోవచ్చు.

పేరు ఎలా ఎగిరిపోతుందో చూద్దాం. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. మాగాణి, మెట్ట, ఇంటి స్థలం, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం... ఇవన్నీ కంప్యూటర్‌లో దాటాలి. సచివాలయంలో దీన్నే సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారు. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది.

పేటలోకి వచ్చి చూడండి. ఇల్లు ఒకటే, మీటరు ఒకటే. అందులో తల్లిదండ్రులు, పెళ్ళయిన ఇద్దరు కొడుకులు, వాళ్ళ పిల్లలు. మూడు కాపురాల కరెంటు ఒక్క బిల్లులో వస్తుంది. విడిగా ఇల్లు కట్టుకునే జాగా లేకపోవడమే వాళ్ళ పేదరికం. కంప్యూటర్‌కు మాత్రం అది సంపన్నత కింద కనిపిస్తుంది!

ఇంకో రకం చూడండి. గోదావరి జిల్లాల ఆడబిడ్డలు ఎంతమంది ఇంటిపనికి కువైట్, మస్కట్, దోహా పోతున్నారో మనకు తెలుసు. బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటుంది. తల్లి వేలిముద్ర ఇక్కడ పడదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తెగిపోయి ఉంటుంది. బిడ్డ పేరు ఒక ఇంటి మ్యాపింగ్‌లో, అమ్మమ్మ పేరు ఇంకో ఇంట్లో. తల్లి లేకపోతే సంరక్షకులకు ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది. మరి ఆ మ్యాపింగ్ ఎవరు సరిచేయాలి? ముసలామె సచివాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి?

మూడోది మున్సిపాలిటీ ఇంట్లోదే. పారిశుధ్య కార్మికులకు ప్రభుత్వ ఉద్యోగి అన్న అడ్డు లేకుండా మినహాయింపు ఇచ్చారు. బాగుంది. మరి అదే మున్సిపాలిటీలో పంపులు తిప్పే మనిషి, వీధి దీపం ఎక్కే మనిషి? వాళ్ళ జీతాలు కూడా ఔట్‌సోర్సింగే. వాళ్ళను ఆ మినహాయింపులో ఎందుకు రాయలేదు?

ఎస్సీ విద్యార్థుల విషయంలో ఇంకో మెలిక ఉంది. తొమ్మిది, పది, ఇంటర్ చదివే మన పిల్లల తల్లులకు మిగతావాళ్ళకన్నా తక్కువ పడింది. కారణమేంటంటే, స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది, అది వచ్చాక లెక్క సరిపోతుందన్నారు. అంటే పక్కింటి పిల్లాడికి ఒకేసారి వచ్చే డబ్బు, మన పిల్లాడికి రెండు ముక్కలుగా, రెండు ఖాతాల్లో, రెండు తేదీల్లో. స్కాలర్‌షిప్ మనకు ప్రత్యేకంగా పోరాడి తెచ్చుకున్న హక్కు. దాన్ని అందరికీ వచ్చే పథకంలో కలిపేస్తే ప్రత్యేకం అన్న మాటకు అర్థమేముంది?

సబ్‌ప్లాన్ కథ కూడా ఇదే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం తెచ్చుకున్నాం. పదేళ్ళు అయ్యాక మరో పదేళ్ళు పొడిగించారు. మన జనాభా వాటా నిధులతో మనకూ మిగతా సమాజానికీ మధ్య ఉన్న అంతరం తగ్గించాలన్నది దాని ఉద్దేశం. కానీ అమ్మ ఒడి నాటి నుంచీ అందరు తల్లులకూ ఇచ్చే డబ్బులో మన తల్లుల వాటాను సబ్‌ప్లాన్ ఖర్చు కింద రాస్తున్నారు. దామాషా ప్రకారం రాసుకోవడానికి చట్టంలో దారి ఉందని అధికారులు అంటారు. ఉండొచ్చు. అందరికీ ఇచ్చిందే మనకూ ఇచ్చి, దాన్నే ప్రత్యేక ఖర్చు అంటే అంతరం ఎలా తగ్గుతుంది? ఇద్దరూ ఒక్కో మెట్టు ఎక్కితే మధ్య దూరం అంతే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా అమరావతి పని, మున్సిపాలిటీకి ఏం సంబంధం అంటారు కొందరు. 74వ రాజ్యాంగ సవరణ చదవండి. 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి. బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన అందులోవే. రోడ్డు, డ్రైను, కొళాయి మాత్రమే కౌన్సిల్ పని అని ఎవరు చెప్పారు?

దూరపు ఉదాహరణ ఒకటి చెబుతాను. పేద కుటుంబాలకు పిల్లల చదువు కోసం నగదు ఇచ్చే పథకాల్లో ప్రపంచమంతా చెప్పుకునేది బ్రెజిల్‌లోని బోల్సా ఫమీలియా. 2003లో అది దేశమంతటికీ వచ్చింది. దాని వేళ్ళు మాత్రం 1995లో ఉన్నాయి. ఆ ఏడాది కంపీనాస్ అనే నగర పాలక సంస్థ, రాజధాని బ్రసీలియా స్థానిక ప్రభుత్వం తమంతట తామే మొదలుపెట్టాయి. ఊరు ముందు చేసింది, దేశం తర్వాత నేర్చుకుంది.

నిడదవోలు కంపీనాస్ అంత పెద్దది కాదు, ఒప్పుకుంటాను. అంత డబ్బూ లేదు. అందుకే పెద్ద కోరికలు కోరడం లేదు. నాలుగే అడుగుతున్నాను.

ఒకటి, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అర్హుల జాబితాతో పాటు అనర్హుల జాబితా కూడా కారణంతో సహా అంటించాలి. రెండు, ఉమ్మడి మీటరు, గల్ఫ్ తల్లి, తప్పు మ్యాపింగ్ కేసుల్ని వెల్ఫేర్ సెక్రటరీయే పేటకు వచ్చి రాసుకోవాలి. మూడు, పొరపాటున ఆగిపోయిన కుటుంబాలకు డబ్బు పడేదాకా పరీక్ష ఫీజు, పుస్తకాల ఖర్చు మున్సిపల్ నిధుల నుంచి సర్దాలి. నాలుగు, ఎస్సీల పేరు మీద, మహిళా శిశు సంక్షేమం పేరు మీద మున్సిపాలిటీ ఏడాదికి ఎంత రాసింది, ఎక్కడ ఖర్చు పెట్టిందో కౌన్సిల్‌లో చదివి వినిపించాలి.

తీర్మానం చేస్తే సరిపోతుందా? సరిపోదు. మహాడ్ మున్సిపాలిటీ 1924లోనే చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. మూడేళ్ళు అది కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్ళి నీళ్ళు తాగాకే ఆ కాగితానికి ప్రాణం వచ్చింది. అక్కడ కూడా వ్యవహారం మున్సిపాలిటీతోనే అని మర్చిపోవద్దు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ ఆదివారం మీ పేటలో పది ఇళ్ళు తిరగండి. ఎవరికి పడింది, ఎవరికి పడలేదు, ఎందుకు పడలేదు, నోట్‌బుక్‌లో రాయండి. సమాచార హక్కు దరఖాస్తుకు తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు. ఓట్లడగడానికి వచ్చే వార్డు అభ్యర్థి చేతిలో ఆ జాబితా పెట్టండి. మన తల్లులు దయ అడగడం లేదు, లెక్క అడుగుతున్నారు.

వచ్చే భాగంలో: బడిలో ఆ 2,000 మరుగుదొడ్డిగా మారిందా, లేదా?

జై భీమ్.