వెనుక వచ్చేవారిని తలచుకొని



పోయిన నెల ఒక గ్రామ సంఘములో ఆరాధన ముగిసిన తరువాత అరుగు మీద కూర్చొని మాట్లాడుకొనుచుండగా ఒక తండ్రి మమ్మును అడిగారు: "జీపు వెనుక ట్రాలీ తగిలించుకొని పోయేటప్పుడు సైకిళ్లు ఎక్కడ కట్టుకోవాలండీ?" చిన్న ప్రశ్నే. ఎక్కడైనా కట్టుకోండి అని నవ్వి ఊరుకోవచ్చు. కాని ఆ ప్రశ్నకు జవాబు మేము రోడ్డు మీద నిలబడి, సిగ్గుతో తల వంచుకొని నేర్చుకున్నాము. ఆ సంగతే ఈ నెల మీతో చెప్పుకొనదలచాము.

అది 2022 డిసెంబరు మొదటి వారము. క్రిస్మసుకు ముందు ఉట్నూరు వైపు గూడెములలో మూడు రోజులు గడపాలని మా బంధువులము అనుకున్నాము. జగిత్యాల దగ్గరి మా ఊరి నుండి ధర్మపురి మీదుగా పోయి రాయపట్నము వంతెన దాటితే గోదావరికి అవతల లక్షెట్టిపేట. అక్కడి నుండి జన్నారము, ఆపైన అడవి దారిని ఉట్నూరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి పేర్లు మారినా, మా పెద్దలకు ఇప్పటికీ ఆ వంతెనకు ఇటు కరీంనగరు, అటు ఆదిలాబాదే.

మా బావగారి ఫోర్ వీల్ జీపులో ఆరుగురము. వెనుక రెండు చక్రాల చిన్న ట్రాలీ. అందులో షామియానా, చాపలు, బియ్యము, వంట గిన్నెలు, పంచిపెట్టుటకు దుప్పట్లు. ఇవి గాక నాలుగు సైకిళ్లు. జీపు ఉండగా సైకిళ్లు ఎందుకని మీరు అడగవచ్చు. తారు రోడ్డు ఆగిన చోటు నుండి జీపు ఒకసారికి ఒక్క గూడెమునకే పోగలదు. నాలుగు సైకిళ్లుంటే నలుగురు నాలుగు దిక్కులకు పోయి, సాయంత్రము కూటమి ఉన్నదని చెప్పి రాగలరు. ఆ నాలుగింటిలో ఒకటి మా సంఘపు సువార్తికునిది. ఏడాది పొడుగునా ఆయన అయిదు ఊళ్లు తిరిగేది దాని మీదనే. అది ఆయనకు సైకిలు కాదు, కాళ్లు.

ట్రాలీ అంతా సామానుతో నిండిపోయింది. రెండు సైకిళ్లను ఆ సామాను మీద పడుకోబెట్టాము. మిగిలిన రెండింటిని జీపు వెనుక స్టెప్నీకి ఆనించి, పాత ట్యూబు ముక్కలతో బిగించాము. చూచుటకు గట్టిగానే ఉన్నవి. ఇంతలో పిల్లలిద్దరు ట్రాలీ ఎక్కి, "బాపూ, మేము ఈడ కూసోని సైకిళ్లు పట్టుకుంటం, పడకుండ సూస్తం" అన్నారు. జీపులో ఇరుకు గదా, దూరము కూడా ఎక్కువ కాదు గదా అని మేము సగము ఒప్పుకున్నాము. మా పెద్దమ్మ మాత్రము కదలలేదు. "సైకిలు పోతే మళ్ల కొనుక్కోవచ్చు. దిగుండ్రి బిడ్డా" అన్నది. పిల్లలు ముఖము మాడ్చుకొని దిగివచ్చారు.

జన్నారము దాటిన తరువాత ఒక కల్వర్టు దగ్గర రోడ్డు పల్లమునకు దిగి మళ్లీ ఎక్కుతుంది. జీపు ముందు చక్రాలు ఎత్తుకు ఎక్కినప్పుడు ట్రాలీ ఇంకా పల్లములోనికి దిగుచున్నది. ఆ క్షణమున ట్రాలీ ముందు పలక జీపు వెనుక కట్టిన సైకిలును తన్నింది. ట్యూబు తెగింది. సైకిలు జారి ట్రాలీ చక్రము క్రిందికి పోయింది. ట్రాలీ ఒక్కసారిగా ఎగిరింది. సామాను మీద పడుకోబెట్టిన సైకిలు ఎగిరి రోడ్డు నడుమ పడింది.

మా వెనుక ఒక మోటారు సైకిలు వచ్చుచున్నది. దాని మీద భార్యాభర్తలు, నడుమ చిన్న బాబు. ఆయన పక్కనున్న మట్టిలోనికి బండి తిప్పి, కాళ్లు ఆనించి ఎట్లో ఆపగలిగారు. ఎవరూ పడలేదు. మాకు నోట మాట రాలేదు. ఆయన మమ్మును తిట్టలేదు. దగ్గరకు వచ్చి, "అన్నా, జర ఎనుక సూసుకోవాలె. మేము గూడ పిల్లలు గలోళ్లమే" అన్నారు. తరువాత ఆయనే మాతో కలిసి సామాను దింపి, మోకుతో మళ్లీ కట్టించారు. చక్రము క్రింద నలిగినది మా సువార్తికుని సైకిలే. ట్రాలీలో నుండి ఎగిరిన సైకిలు ఉన్న చోట, పెద్దమ్మ దింపకపోతే, మా పిల్లలు ఉండేవారు.

ఆ మూడు రోజులును సువార్తికుడు నడిచే తిరిగారు. ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చిన తరువాత ఆయనకు వేరే సైకిలు కొనిచ్చాము. కాని ఆ దినము కొనుటకు వీలుకానిది ఇంకేదో పోవలసినది.

కనుక మేము నేర్చుకున్నది చెప్పెదము. మొదటిది, జీపుకును ట్రాలీకిని నడుమ ఏదియు కట్టవద్దు. నేరుగా నిలిపినప్పుడు అక్కడ చాలినంత ఖాళీ కనబడుతుంది. కాని మలుపులో ట్రాలీ మూల జీపు మూలకు దగ్గరగా వస్తుంది, పల్లములో ట్రాలీ ముక్కు పైకి లేస్తుంది. ఖాళీ మైదానములో ఎడమకు, కుడికి పూర్తిగా త్రిప్పి, ఒకరు క్రింద నిలబడి చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

రెండవది, బరువు. ఎద్దుల బండి తోలినవారికి ఇది క్రొత్త కాదు. బరువు ముందుకు మొగ్గితే ఎద్దుల మెడలు కుంగుతవి, వెనుకకు మొగ్గితే కాడి పైకి లేస్తుంది. ట్రాలీకి కూడా అంతే. దాని మొత్తము బరువులో ఇంచుమించు పదింట ఒక వంతు హుక్కు మీద ఆనాలి. వెనుక బరువు ఎక్కువైతే వేగములో ట్రాలీ పామువలె అటూ ఇటూ ఊగుతుంది. ముందు బరువు మరీ ఎక్కువైతే జీపు వెనుక భాగము కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. ఆ పైన జీపు వెనుక సైకిళ్లు కూడా వ్రేలాడదీస్తే ఆ కుంగుడు ఇంకా పెరుగుతుంది.

మూడవది, సైకిళ్లకు తగిన చోటు ట్రాలీలోనే, ఇరుసుకు దగ్గరగా. బరువైన బియ్యము, గిన్నెలు అడుగున, సైకిళ్లు వాటి మీద, ఒకదాని తల ఇటు, ఇంకొకదాని తల అటు. మన పాత రకపు సైకిలు ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు. నాలుగు జీపు పైన ఎక్కిస్తే ఒక పెద్ద మనిషిని కప్పు మీద కూర్చోబెట్టినట్లే. బరువు పైన ఉన్నకొద్దీ మలుపులో బండి ఒరుగుతుంది. గట్టి క్యారియరు ఉంటే ఒకటి రెండు చాలు. అవియు పట్టకపోతే వదిలి వెళ్లండి, అక్కడి సంఘమువారిని అడిగితే ఒక సైకిలు దొరకకపోదు.

కట్టేటప్పుడు ట్యూబును నమ్మవద్దు, అది సాగుతుంది. మోకు తీసుకొని సైకిలు ఫ్రేమును కట్టండి, సీటును గాని చక్రమును గాని కాదు. రాపిడి తగిలే చోట గోనె సంచి పెట్టండి. పెడళ్లు విప్పితే చోటు కలిసివస్తుంది. ఎడమ పెడలు మరలు తిరుగుడు అని మరువవద్దు, అది గడియారము ముల్లు తిరిగే వైపు త్రిప్పితేనే ఊడుతుంది. అయిదు కిలోమీటర్లు పోయి ఒకసారి ఆగి తాళ్లు చూడండి. సామాను సర్దుకొన్నప్పుడు ప్రతి తాడును వదులవుతుంది. హుక్కు పిన్నుతో పాటు గొలుసు కూడా వేయండి. ట్రాలీ వెనుక ఎర్ర లైట్లు, నంబరు పలక మూతపడకుండా చూడండి.

ఫోర్ వీల్ ఉన్నది గదా అని ధైర్యపడేవారు ఉన్నారు. మేమును అట్లే అనుకున్నాము. నాలుగు చక్రాలు లాగితే బురదలో నుండి బయటపడవచ్చు, కాని ఆపుటకు అది సహాయము చేయదు. చిన్న ట్రాలీలకు సాధారణముగా బ్రేకులుండవు. మనము బ్రేకు వేసినప్పుడు అది వెనుక నుండి నెడుతుంది. ఇప్పుడు ట్రాలీ ఉంటే మేము 40 దాటము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట: ట్రాలీలో మనుష్యులను ఎక్కించవద్దు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలి పనికి పోవుచున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. పండుగకైనా, పెండ్లికైనా, కూటములకైనా మనము ట్రాలీ ఎక్కుట అలవాటైపోయింది. చట్టము కూడా దీనిని ఒప్పుకోదు. బండి బయటికి పొడుచుకొని వచ్చేటట్లు బరువు కడితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టములో 20,000 రూపాయల జరిమానా వ్రాసి ఉన్నది. అయితే మనము జాగ్రత్తపడవలసినది జరిమానాకు భయపడి కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టవలెనని ఒక ఆజ్ఞ ఉన్నది. ఇల్లు మనదే, కప్పు మనదే. అయినను అక్కడి నుండి ఒకడు పడితే ఆ దోషము మన ఇంటి మీదికి వచ్చును. మన బండికి మనము బిగించే మోకు కూడా అటువంటి పిట్టగోడే. అద్దములో మనకు కనబడని చోట ఒక తండ్రి, ఒక తల్లి, నడుమ ఒక బాబు వచ్చుచున్నారు. ఈసారి ప్రయాణమునకు ముందు ప్రార్థన ముగించి లేచినప్పుడు, ఎక్కి కూర్చొనక మునుపు ఒక్కసారి బండి వెనుకకు నడిచి వెళ్లి ఆ తాడు లాగి చూడండి.