చేసి చూడండి: కుంచె ముట్టని బొమ్మ

బాలలూ! బొమ్మ వేయాలంటే కుంచె ఉండాలనీ, ముందుగా పెన్సిలుతో గీసుకోవాలనీ మీరు అనుకుంటారు. కాని కుంచె ముట్టకుండా రెండు రంగులను అట్ట మీద పోసి ఊరుకుంటే, అవి ఒకదానిలోకి ఒకటి జొరబడి, తాబేటి చిప్ప మీది గళ్ళవలె, ఎండిన చెరువులోని నెర్రెలవలె చిత్రమైన రూపాలు పొందుతాయి. ఇది చెట్టు, ఇది పిట్ట అని చెప్పడానికి వీలుండదు. అయినా చూసినకొద్దీ చూడబుద్ధి అవుతుంది. ఇటువంటివాటిని నైరూప్య చిత్రాలంటారు.

“రంగులు ఒలకబోయడం కూడా ఒక కళేనా?” అని మీ నాన్నగారు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే మెక్సికో దేశపు చిత్రకారుడొకడి సంగతి తెలియాలి.

ఆయన పేరు డేవిడ్ అల్ఫారో సికేరోస్. పెద్ద పెద్ద గోడల మీద చిత్రాలు వేయడంలో పేరుపడినవాడు. 1936లో ఆయన న్యూయార్కు నగరంలో ఒక చిత్రశాల తెరిచి, రంగులతో కొత్త కొత్త ప్రయోగాలు సాగించాడు. అక్కడ చేరినవారిలో జాక్సన్ పొలాక్ అనే 24 ఏళ్ళ యువకుడు కూడా ఉన్నాడు. తరువాత 1947 నుంచి, గుడ్డను నేల మీద పరచి, పైనుంచి రంగులు ధారగా జార్చి బొమ్మలు వేసి లోకప్రసిద్ధుడైనది ఇతడే.

సికేరోస్ మోటారు కార్లకు వేసే రంగులు తెచ్చి, చెక్కపలకను నేలపై పడుకోబెట్టి, ఒక రంగు మీద మరొక రంగు పోసేవాడు. కొంచెం సేపటిలో పై రంగులో కళ్ళు తెరిచినట్టుగా కింది రంగు బయటికి వచ్చేది. తాను గీయని గీతలు ఎక్కడినుంచి వచ్చాయా అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఈ పద్ధతికి “యాదృచ్ఛిక చిత్రణ” అని పేరు వచ్చింది. యాదృచ్ఛికమంటే అనుకోకుండా జరిగినదని అర్థం.

కాని అది నిజంగా అనుకోకుండా జరిగినదేనా? మెక్సికోలో కళాచరిత్ర చదివిన సాండ్రా జెటీనా, భౌతికశాస్త్రజ్ఞుడు రొబెర్టో జెనిట్, వారి సహచరులు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసి, 2015లో ఫలితం ప్రకటించారు. రహస్యమంతా బరువులో ఉన్నది! బరువైన రంగు పైన, తేలికది కింద ఉంటేనే ఆ రూపాలు పుడతాయి.

ఎందుచేత? బరువైనది కిందికి దిగాలని చూస్తుంది. కాని కిందనున్నది తప్పుకొని చోటివ్వందే ఎలా దిగుతుంది? అందుచేత పై రంగు ఒకచోట దిగుతూ ఉంటే, పక్కనే కింది రంగు పైకి లేస్తుంది. అలా పలకంతటా గళ్ళు ఏర్పడతాయి. దీన్ని మొదట 1883లో రేలీ అనే శాస్త్రజ్ఞుడు గణితంతో వివరించాడు. 1950లో టేలర్ అనే మరొక శాస్త్రజ్ఞుడు ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఆకాశంలో పేలిపోయిన నక్షత్రపు శకలాలలో కనిపించే వేళ్ళవంటి పాయలకు కూడా శాస్త్రజ్ఞులు ఇదే కారణం చెపుతారు.

ఇక మీరు చేసి చూడండి. కార్ల రంగులు మనకు వద్దు; వాటి ఆవిరి ఒంటికి మంచిది కాదు. నీటితో కలిసే ఆక్రిలిక్ రంగులు చాలు. తెలుపు, నలుపు తెచ్చుకోండి. రెండు చిన్న గట్టి అట్టలు, రెండు పాత గ్లాసులు, కింద పరచడానికి పాత పత్రికలు తీసుకోండి. ఒక్కొక్క రంగులో కొద్దికొద్దిగా నీళ్ళు పోసి, దోసెల పిండి కన్న కాస్త పలుచగా, రెండూ ఒకే చిక్కదనం వచ్చేట్టు మెల్లగా కలపండి. నీళ్ళు మరీ ఎక్కువైతే రంగు అట్టకు సరిగా అంటుకోదు.

మొదటి అట్ట మీద నలుపు పరచి, అది తడిగా ఉండగానే దాని నడుమ తెలుపు పోయండి. రెండవ అట్ట మీద తెలుపు పరచి, నలుపు పోయండి. కదిలించకుండా చూస్తూ కూర్చోండి. తెల్లరంగులో సాధారణంగా టైటానియం డయాక్సైడ్ అనే పొడి ఉంటుంది. అది నీటికన్న నాలుగు రెట్లకు పైగా బరువు. నలుపులో ఉండే మసి నీటికి రెండు రెట్లు కూడా తూగదు. ఇప్పుడు ఏ అట్ట మీద గళ్ళు పుట్టాలో మీరే చెప్పగలరు!

అట్టలను మట్టంగా ఉన్నచోట, దుమ్ము పడకుండా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. రంగులోని నీరు ఆవిరైపోగానే, అందులోని సన్నని ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కొని పొర కడతాయి. ఆ పైన నీళ్ళు పోసినా కరగవు. అందుకే మిగిలిన రంగును తూములో పారబోయకూడదు. అది నీటి వెంట పోయి కాలువలలో చేరుతుంది. గ్లాసులోనే ఎండనిచ్చి, పొరను ఊడదీసి చెత్తలో వేయండి.

మీ నాన్నగారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది కదా? ఏ గీత ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి వచ్చిన బొమ్మ మరొకసారి రాదు. కాని ఏ రంగు పైన ఉండాలి, ఎంత పలుచన కావాలి, ఎక్కడ ఆపాలి అన్నవి చిత్రకారుడే నిర్ణయిస్తాడు. రంగు తన పని చేస్తుంది, మనిషి తన పని చేయాలి.

చివరికొక చిక్కుప్రశ్న. మీ దగ్గర ఎరుపు, పసుపు ఉన్నాయి. రెంటిలో ఏది బరువో బొమ్మ వేయకముందే తెలుసుకోవడం ఎలా? మందుసీసా మూత ఒకటీ, తక్కెడ ఒకటీ దగ్గర పెట్టుకుని ఆలోచించండి.